గిర్నీ ఇస్తే చాలదు, గిరాకీ కూడా ఇవ్వాలి

మహిళా సంఘాలకు ఏదైనా ఒక 'యూనిట్' పెట్టించాలని అనుకున్నప్పుడల్లా ప్రభుత్వ అధికారుల జాబితాలోనూ, స్వచ్ఛంద సంస్థల జాబితాలోనూ అవే పేర్లు కనిపిస్తాయి. పచ్చళ్లు, విస్తరాకులు, అగరుబత్తీలు, కుట్టుమిషన్లు, పిండి గిర్నీ. 1982లో డ్వాక్రా వచ్చింది. 1999లో అది స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసిపోయింది. 2011లో దాని చోట జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. 2020లో చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం మరో పథకం తెచ్చింది. పథకాల పేర్లు మారుతూ వచ్చాయి. ఆడవాళ్లకు ఇవ్వదగిన పనుల జాబితా మాత్రం పెద్దగా మారలేదు.

ఈ జాబితాలో గోధుమపిండి గిర్నీకి ఒక ప్రత్యేకత ఉంది. ఇది అందరికీ తేలికగా తోస్తుంది. తినేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, పిండి ఎప్పుడూ కావాలి, మిషను నడపడం రెండు రోజుల్లో నేర్చుకోవచ్చు, ఇంకేం కావాలి అంటారు. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేసే మనకు ఈ మాట తరచుగా వినిపిస్తుంది. ఈ రెండు జిల్లాలు ఇప్పుడు ఎనిమిది ముక్కలయ్యాయి. 2016లో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట ఏర్పడ్డాయి. కొంత భాగం వికారాబాద్‌లో కలిసింది. జిల్లాలు ఎన్నయినా మెట్ట నేలలు అవే, వలసలు అవే, సంఘాల్లో అప్పుల లెక్కలు అవే. అందుకే గిర్నీ గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవడం అవసరం.

పని మనదే, వ్యాపారం మాత్రం ఎవరిది?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఒకప్పుడు జొన్నే ప్రధానమైన తిండి. జొన్నరొట్టె, గట్క, అంబలి. ఇవన్నీ తయారు కావాలంటే ముందు పిండి కావాలి, లేదా రవ్వ కావాలి. కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చున్నది ఆ ఇంటి కోడలో, కూతురో, అత్తో. విసిరేటప్పుడు పాడే పాటలు మనకు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని జానపద సాహిత్యమని పుస్తకాలకెక్కించి మెచ్చుకున్నారు. కానీ ఆ పాటలు నిద్ర ఆపుకోవడానికీ, రెక్కల నొప్పి మరిచిపోవడానికీ పుట్టినవని చెప్పినవాళ్లు తక్కువ. ఆ శ్రమకు కూలి లేదు. జనాభా లెక్కల్లో దాన్ని పని అని కూడా రాసుకోలేదు.

తర్వాత కరెంటు వచ్చింది, ఊళ్లోకి గిర్నీ వచ్చింది. రోజూ గంటల తరబడి చేసే చాకిరీ తప్పింది. ఇది చిన్న మేలు కాదు. ఇసుర్రాయి పోయిందని బాధపడేవాళ్లు ఒక వారం రోజులు దాన్ని తిప్పి చూడాలి. అయితే ఇక్కడ ఒక మార్పు ఎవరూ గమనించకుండా జరిగిపోయింది. కూలి లేనన్నాళ్లూ పిండి విసరడం ఆడవాళ్ల పని. కిలోకు ఇంత అని రేటు కట్టిన రోజు నుంచి అది మగవాళ్ల వ్యాపారం. గిర్నీ ఉన్న గది మగవాడిది, మీటరు మగవాడిది, గల్లాపెట్టె మగవాడిది. గింజలు చెరిగి, రాళ్లు ఏరి, ఎండబోసి, గంప నెత్తిన పెట్టుకొని గిర్నీ దాకా నడిచి, కరెంటు వచ్చేదాకా వరసలో కూర్చునే పని మాత్రం మన దగ్గరే మిగిలింది.

కాబట్టి ఆడవాళ్లు గిర్నీకి యజమానులు కావాలన్న కోరిక పూర్తిగా న్యాయమైనది. తరాల తరబడి మనం చేసిన పని మీద మనకు రావలసిన హక్కు అది. అయితే మిషను ఇవ్వడం, హక్కు ఇవ్వడం ఒకటేనా అన్నది ప్రశ్న.

గోధుమలు మన నేలవి కావు

గోధుమ మన మెట్ట నేలల పంట కాదు. దానికి చల్లటి చలికాలం కావాలి. మన దుకాణాలకు వచ్చే గోధుమలు ఎక్కువగా మధ్యప్రదేశ్ నుంచీ, ఇంకా ఉత్తరాన ఉన్న రాష్ట్రాల నుంచీ వస్తాయి. అయినా మన ఊళ్లలో గోధుమపిండి వాడకం పెరుగుతూ వచ్చింది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చిన తర్వాత జొన్న వెనకబడింది. అన్నం ముఖ్యమైన తిండి అయింది. ఇప్పుడు షుగర్ వచ్చిందనీ, రాత్రికి అన్నం మానమన్నారనీ ఇంటికొకరు చపాతీలు తింటున్నారు. పట్నం పోయి వచ్చినవాళ్లు, బొంబాయి, పుణె వలస పోయి వచ్చినవాళ్లు చపాతీ అలవాటు వెంట తెచ్చుకున్నారు. అంటే గిరాకీ ఉన్న మాట నిజమే.

కానీ ఆ గిరాకీ ఎవరికి పోతోంది? 2002లో ఐటీసీ కంపెనీ ఆశీర్వాద్ పేరుతో గోధుమపిండి మార్కెట్లోకి తెచ్చింది. ఈ రోజు మారుమూల తండాలోని కిరాణా కొట్టులో కూడా ఏదో ఒక కంపెనీ పిండి ప్యాకెట్ వేలాడుతూ ఉంటుంది. ఆ కంపెనీలు పంట చేతికొచ్చే నెలల్లోనే వేల టన్నులు కొని పెట్టుకోగలవు. మన సంఘం నెలకు పది బస్తాలు కొనాలన్నా అప్పు కోసం చూడాలి.

ఇందులో ఉన్న ప్రమాదం 2022లో బయటపడింది. ఆ సంవత్సరం ఎండలకు ఉత్తరాదిన పంట దెబ్బతింది. ఉక్రెయిన్ యుద్ధం వల్ల ప్రపంచమంతటా ధర పెరిగింది. మే 13న కేంద్రం గోధుమల ఎగుమతిని నిషేధించింది. అయినా ధరలు సర్దుకోకపోవడంతో 2023 జూన్‌లో వ్యాపారుల నిల్వల మీద పరిమితులు పెట్టింది. ఇలాంటప్పుడు పెద్ద మిల్లుకు నిల్వ ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. పది బస్తాల మీద నడిచే గిర్నీకి అసలుకే మోసం వస్తుంది. ఎక్కడో వెయ్యి మైళ్ల దూరాన వీచిన వడగాలికి మర్రిగూడెంలోనో, మక్తల్‌లోనో ఒక సంఘం అప్పు కట్టలేకపోవచ్చు. గిర్నీ పెట్టమని చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

కూలికి పట్టడం వేరు, పిండి అమ్మడం వేరు

గిర్నీతో రెండు రకాల పని ఉంది. ఒకటి, జనం తెచ్చుకున్న గింజలు కూలికి పట్టి ఇవ్వడం. రెండోది, మనమే గోధుమలు కొని, పట్టి, పిండి అమ్మడం. శిక్షణ తరగతుల్లో ఈ రెంటినీ కలిపి చెబుతారు. నిజానికి వీటి లెక్కలు వేరు.

కూలికి పడితే గింజల మీద మన డబ్బు ఇరుక్కోదు. జొన్నలు, గోధుమలు, బియ్యం, పెసలు ఏవి తెచ్చినా పట్టవచ్చు. కారం, పసుపు పట్టాలంటే మాత్రం వేరే మిషను ఉండాలి. ఒకే రాళ్ల మీద కారం పట్టి తర్వాత గోధుమలు పడితే ఆ పిండి ఎవరూ తినలేరు. ఈ పనిలో నష్టభయం తక్కువ, రాబడి కూడా తక్కువ. కరెంటు బిల్లు ఇక్కడ ప్రధానమైన ఖర్చు. పది హెచ్‌పీ మోటారు పూర్తి భారం మీద నడిస్తే గంటకు సుమారు ఏడున్నర యూనిట్లు తాగుతుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఇస్తున్న ఉచిత కరెంటు గిర్నీకి వర్తించదు. గిర్నీ ఆడినా ఆడకపోయినా మీటరు మీద నెలనెలా స్థిర చార్జీ కట్టాల్సిందే. రాళ్లు అరిగితే గాట్లు కొట్టించాలి, లేకపోతే మార్చాలి. కొత్తగా గాట్లు కొట్టిన రాళ్ల మీద మొదట పట్టిన పిండిలో ఇసుక వస్తుంది. దాన్ని పారబోయాలి. ఇవన్నీ ఖర్చులే.

పిండి అమ్మాలంటే లెక్క పెద్దదవుతుంది. 2025-26 రబీ కొనుగోలు కాలానికి గోధుమల కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు. ఇది పండిన చోట రైతుకు ఇచ్చే ధర. దాని మీద లారీ కిరాయి, హమాలీ, మధ్యలో ఉన్న వ్యాపారుల లాభం కలిపితేనే మన ఊరి ధర. మట్టి, రాళ్లు, తాలు తీసేసి, గిర్నీలో పోయే తరుగు కూడా పోగా క్వింటాలు గింజలకు క్వింటాలు పిండి ఎప్పుడూ రాదు. గింజల్లో తేమ ఎక్కువుంటే పిండి నిలవ ఉండదు. పట్టిన వెంటనే వేడిగా ఉన్న పిండిని సంచిలో కుక్కితే చెమ్మ పట్టి, వాసన వచ్చి, పురుగు పడుతుంది. ఇది తెలియక మొదటి నెలలోనే పేరు పోగొట్టుకుంటే ఆ పేరు మళ్లీ రాదు. అమ్మే పిండికి ఆహార భద్రతా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. 2022 జూలై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన గోధుమపిండి మీద 5 శాతం జీఎస్టీ పడింది. లూజుగా అమ్మితే పన్ను లేదు. కానీ లూజు పిండి ఊరు దాటి అమ్ముడుపోవడం కష్టం.

ఇంకొక మాట. రాళ్ల గిర్నీ ఒకటి నడపడానికి ఇద్దరు మనుషులు చాలు. సంఘంలో పది పదిహేను మంది ఉంటారు. అప్పు అందరి మీదా ఉంటుంది, పని మాత్రం ఇద్దరికే ఉంటుంది. మిగతావాళ్లకు ఏం వస్తుంది అన్న ప్రశ్నకు ముందే జవాబు రాసుకోకపోతే ఏడాది తిరగకుండానే సంఘం చీలిపోతుంది. చివరికి గిర్నీ ఒకరి ఇంట్లో ఉండిపోతుంది. ఆ ఇంటి మగవాడు దాన్ని నడుపుతాడు. కాగితం మీద అది మహిళా సంఘం యూనిట్. ఊళ్లో మాత్రం అది ఫలానా ఆయన గిర్నీ.

ఎవరి పేరు మీద?

అలా జరగడానికి కారణం ఆడవాళ్ల చేతగానితనం కాదు. గిర్నీకి గది కావాలి. గదికి జాగా కావాలి. జాగా మగవాడి పేరు మీద ఉంటుంది. మీటరు కావాలంటే జాగా కాగితం అడుగుతారు. దాంతో మీటరు కూడా అతని పేరు మీదే వస్తుంది. అప్పు మాత్రం ఆడవాళ్ల పేరు మీద ఉంటుంది. ఆస్తి ఒకరిది, అప్పు ఇంకొకరిది అయిన వ్యాపారాన్ని స్త్రీల అభివృద్ధి అని ఎలా అంటాం?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఇచ్చే చట్టం ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక సంఘంలో 'మీలో ఎందరి పేరు మీద ఇంటి జాగా ఉంది?' అని అడిగితే లేచే చేతులు ఎన్నో మనకందరికీ తెలుసు. గిర్నీ పథకం ఈ ప్రశ్న అడగదు. అది మిషను ధర, రాయితీ శాతం మాత్రమే చూస్తుంది.

రాయితీ గురించి కూడా సంఘాలకు సరిగా చెప్పడం లేదు. 2020 పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా రాయితీ అన్నారు. కనీసం 10 శాతం మనం పెట్టుకోవాలి. మిగతాది బ్యాంకు అప్పు. ఉదాహరణకు 3 లక్షల యూనిట్ అనుకుంటే 30 వేలు మనవి, లక్షా 5 వేలు రాయితీ. అయితే ఆ రాయితీ చేతికి రాదు. బ్యాంకు దగ్గరే ఉంటుంది. అప్పు సక్రమంగా కడుతూ మూడేళ్లు గడిస్తే అప్పుడు అప్పులో జమ అవుతుంది. మధ్యలో గిర్నీ మూతపడి కిస్తీలు ఆగిపోతే ఆ రాయితీ మీద ఆశ వదులుకోవలసిందే. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల కింద నలిగిన మన జిల్లాల ఆడవాళ్లకు కిస్తీ తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కర లేదు.

పని చేసే చోట భద్రత కూడా హక్కే. బెల్టుకు కవచం లేని గిర్నీలో చీర కొంగు, జడ చిక్కుకొనే ప్రమాదం ఉంది. ఆ మిషన్లను చేసేవాళ్లు చీర కట్టుకున్న మనిషి నడుపుతుందని ఊహించి చేయలేదు. పిండి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం వస్తుంది. రొట్టెలు కాల్చే కార్ఖానాల్లో, పిండి మిల్లుల్లో ఇది వృత్తి వ్యాధిగా వైద్యులు గుర్తించినదే. యూనిట్ అంచనా కాగితంలో బెల్టు కవచానికీ, గాలి ఆడే కిటికీకీ, మూతికి కట్టుకునే గుడ్డకూ ఖర్చు రాయించాలి.

ఎవరి గిర్నీకి ఎవరు వస్తారు?

ఆడవాళ్ల వ్యాపారం అన్నప్పుడు మనం కులాన్ని పక్కన పెట్టి మాట్లాడడం అలవాటు చేసుకున్నాం. తిండికి సంబంధించిన పనిలో అది కుదరదు. మాదిగవాడలో దళిత స్త్రీల సంఘం గిర్నీ పెడితే పై కులాల ఇళ్ల నుంచి గింజలు వస్తాయా? వాళ్లు పట్టిన పిండిని ఊరి కిరాణా కొట్టు అమ్ముతుందా? బడిలో దళిత స్త్రీ వండిన అన్నాన్ని పిల్లల చేత తినిపించడానికి దేశంలో ఎన్ని చోట్ల గొడవలు జరిగాయో చూశాం. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని ఆదేశించవలసి వచ్చింది అంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

ఊళ్లో చిల్లర గిరాకీ మీదే ఆధారపడిన గిర్నీ ఆ ఊరి కులం చెప్పినట్టు వినాలి. భూమి లేని దళిత స్త్రీకి ఈ వ్యాపారం అందాలంటే ఆ చిల్లర గిరాకీని మించిన కొనుగోలుదారు కావాలి. అలాంటి కొనుగోలుదారు ఒకరు ఉన్నారు. అది ప్రభుత్వమే.

అన్నిటికన్నా పెద్ద గిరాకీ

మన రెండు పాత జిల్లాల్లో ప్రతి ఊళ్లో అంగన్‌వాడీ ఉంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ బాలామృతం ప్యాకెట్లు ఇస్తారు. బాలామృతం అంటే వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి. దాన్ని తయారుచేసి పంపేది హైదరాబాద్‌లోని తెలంగాణ ఫుడ్స్. ఒకప్పటి ఏపీ ఫుడ్స్ ఇదే. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో చపాతీలకూ, ఉప్మాకూ కొనే గోధుమపిండి, రవ్వ దీనికి అదనం. ఏ ఎండాకాలమైనా, ఏ వానాకాలమైనా తగ్గని గిరాకీ ఇది. దీని కోసం ప్రచారం చేయనక్కర లేదు, కులం అడ్డురాదు, బ్రాండుతో పోటీ లేదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. అంగన్‌వాడీ ఆహారం కోసం కేంద్రం 1986 నుంచి రాష్ట్రాలకు రాయితీ ధరకు గోధుమలు ఇస్తోంది. అంటే ఈ పనిలో గోధుమలు బజారులో కొనే బాధ సంఘానికి ఉండనక్కర లేదు. గింజలు ప్రభుత్వం ఇస్తుంది. శుభ్రం చేయడం, వేయించడం, పట్టడం, కలపడం, ప్యాక్ చేయడం సంఘం పని. 2022లో వచ్చినటువంటి ధరల దెబ్బ దాని మీద పడదు. ఇందులో ఇద్దరికి కాదు, పది పదిహేను మందికీ పని ఉంటుంది.

ఇది మనం కొత్తగా కంటున్న కల కాదు. అదే ఆహార హక్కు కేసులో 2004 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు అంగన్‌వాడీల పౌష్టికాహార సరఫరాలో కాంట్రాక్టర్లను వాడరాదని చెప్పింది. గింజల కొనుగోలు, తయారీ పనులను వీలైనంత వరకు గ్రామ సమూహాలు, స్వయం సహాయక బృందాలు, మహిళా మండలుల ద్వారా చేయించాలని చెప్పింది. ఇరవై ఏళ్లు దాటింది. తెలంగాణ ఫుడ్స్ ప్రభుత్వ సంస్థే, కాంట్రాక్టరు కాదు. ఆ మేరకు కోర్టు మాట తప్పినట్టు కాకపోవచ్చు. కానీ ఆదేశంలోని రెండో భాగం, అంటే పని ఊరి ఆడవాళ్ల చేతుల్లోకి రావాలన్న మాట, మన దగ్గర ఎక్కడ అమలయింది?

కేరళలో అయింది. 1998లో మొదలైన కుటుంబశ్రీ మహిళా సంఘాలు 2006 ప్రాంతం నుంచి అంగన్‌వాడీ పిల్లలకు 'అమృతం న్యూట్రిమిక్స్' అనే పిండి తయారుచేసి ఇస్తున్నాయి. గోధుమలు, శనగపప్పు, సోయా, వేరుశనగ, చక్కెర అందులో ఉంటాయి. అలాంటి యూనిట్లు ఆ రాష్ట్రంలో రెండు వందలకు పైగా ఉన్నాయి. కేరళలో కూడా గోధుమ పండదు. అక్కడ ఆడవాళ్లకు అందినది ఒక మిషను మాత్రమే కాదు, ఏడాది పొడవునా తప్పకుండా కొనే చేయి. తేడా అక్కడ ఉంది.

అభ్యంతరాలు

శుభ్రత సంగతి ఏమిటి, చిన్న పిల్లల తిండి కదా, పెద్ద ఫ్యాక్టరీలో అయితే పరీక్షలు ఉంటాయి అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసుకోకూడదు. చెడిపోయిన పిండి వల్ల ఒక్క పిల్లకు జబ్బు చేసినా దానికి ఏ సమర్థనా ఉండదు. కానీ దానికి జవాబు పరీక్షలు జిల్లాకు తేవడం, తేమ కొలిచే పరికరం, వేయించే యంత్రం, శుభ్రమైన గది ఇవ్వడం. సంఘాలను పని నుంచి తప్పించడం కాదు. మధ్యాహ్న భోజనం పేద ఆడవాళ్ల చేత వండించేటప్పుడు రాని శుభ్రత ప్రశ్న, డబ్బు ఎక్కువ ఉన్న పని దగ్గర మాత్రమే ఎందుకు వస్తుంది?

ఇంకో అభ్యంతరం మన వైపు నుంచే వస్తుంది. సంఘాల పేరు పెట్టుకొని వెనక వ్యాపారులే నడిపిస్తారు అని. ఇది నిజమైన భయం. మహారాష్ట్రలో మహిళా మండళ్ల పేరుతో పౌష్టికాహార కాంట్రాక్టులు తీసుకొని వెనక నుంచి ప్రైవేటు సంస్థలు నడిపిన వ్యవహారాన్ని 2012లో సుప్రీంకోర్టు కమిషనర్ల నివేదిక బయటపెట్టింది. టెండరు నిబంధనలు కోట్ల టర్నోవరు అడిగేలా రాస్తే నిజమైన సంఘం అందులోకి రాలేదు, దొంగ సంఘమే వస్తుంది. కాబట్టి పని మండల స్థాయిలో, చిన్న మొత్తాల్లో ఇవ్వాలి. సంఘాలు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు కావాలి. వాటాలు ఎవరివి, లాభం ఎలా పంచుతారు, కూలి ఎంత, పదవులు ఎన్నాళ్లకు మారతాయి అనేది నియమావళిలో రాసుకోవాలి. ఆ లెక్కలు గ్రామసభలో చదవాలి.

మూడోది, మన జొన్నను వదిలి పరాయి గోధుమల వెంట ఎందుకు పడాలి అన్న ప్రశ్న. ఇది సరైన ప్రశ్నే. గోధుమల మీద మనకు ప్రత్యేకమైన ప్రేమ లేదు. గిర్నీ చేతిలో ఉంటే జొన్న, కొర్ర, రాగి కూడా అందులోనే పట్టవచ్చు. 2025-26లో హైబ్రిడ్ జొన్నకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. మన మెట్ట రైతుకు ఆ ధర దక్కాలంటే కొనేవాళ్లు ఉండాలి. అంగన్‌వాడీ పిండిలో సగం గోధుమ, సగం మన జొన్న అయితే పిల్లలకు తెలిసిన రుచి దొరుకుతుంది, ఒంటరి ఆడవాళ్లు సాగు చేసుకునే ఎకరం అరెకరం జొన్నకు విలువ వస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు 1990లలోనే బీడు భూముల్లో జొన్న పండించి ఊళ్లోనే రేషన్‌గా పంచుకున్నారు. దారి కొత్తది కాదు.

మనం అడగవలసింది

ప్రభుత్వం తలచుకుంటే సంఘాలకు పని ఇవ్వగలదు అనడానికి ఉదాహరణలు దూరం వెళ్లి వెతకనక్కర లేదు. 2024లో ప్రభుత్వ బడుల పిల్లల యూనిఫాంలు కుట్టే పని సంఘాలకు ఇచ్చారు. 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య నడిపే పెట్రోలు బంకును ముఖ్యమంత్రి ప్రారంభించారు. పెట్రోలు అమ్మగలిగిన ఆడవాళ్లు పిల్లలకు పిండి పట్టలేరా? యూనిఫాంకు వర్తించిన సూత్రం బాలామృతానికి ఎందుకు వర్తించదు?

అందువల్ల ఇక మీద ఎవరైనా వచ్చి సంఘానికి గిర్నీ ఇస్తాం, సంతకాలు పెట్టండి అన్నప్పుడు మనం కార్యకర్తలుగా సంఘం పక్కన నిలబడి కొన్ని ప్రశ్నలు అడగాలి. గది, మీటరు ఎవరి పేరు మీద? పంచాయతీ జాగా సంఘం పేరు మీద ఇస్తారా? పట్టిన పిండిని ఎవరు కొంటారు, ఎంత ధరకు, ఎన్నేళ్లకు ఒప్పందం? డబ్బు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు? సంఘంలో పని లేని సభ్యులకు వాటా ఎలా? మిషను పాడైతే బాగుచేసేది ఎవరు? దళిత, గిరిజన, ఒంటరి స్త్రీలకు ఎంత చోటు? వీటికి రాతపూర్వకంగా జవాబు రానిదే సంతకం పెట్టవద్దని చెప్పే ధైర్యం మనకు ఉండాలి. లక్ష్యాలు పూర్తిచేసుకోవలసిన అధికారికి ఇది నచ్చదు. నిధులు ఇచ్చే సంస్థకు నివేదిక పంపవలసిన మనకు కూడా కొన్నిసార్లు నచ్చదు. అయినా అడగాలి.

రెండు పాత జిల్లాల్లో పనిచేసే సంఘాలు, సంస్థలు కలిసి ఒక నిర్దిష్టమైన కోరికను ముందుకు తేవాలి. ముందుగా ఈ ప్రాంతంలో నాలుగైదు మండలాల్లో అంగన్‌వాడీ పిండి తయారీని స్థానిక మహిళా సహకార సంఘాలకు అప్పగించాలి. గోధుమలు ప్రభుత్వం ఇవ్వాలి, జొన్నలు మన ఊళ్ల నుంచి మద్దతు ధరకు కొనాలి. ఏడాది పాటు నడిపి, లెక్కలు, నాణ్యత పరీక్షల ఫలితాలు అందరి ముందూ పెట్టాలి. బాగుంటే మిగతా మండలాలకు విస్తరించాలి. సమాచార హక్కు కింద మీ మండలంలో అంగన్‌వాడీలకు నెలకు ఎంత బాలామృతం వస్తోంది, హాస్టళ్లు ఎంత గోధుమపిండి ఏ ధరకు ఎవరి దగ్గర కొంటున్నాయి అన్న వివరాలు ఇప్పుడే అడగడం మొదలుపెట్టవచ్చు. ఆ అంకెలు చేతికి వస్తే ఒక మండలానికి ఎన్ని గిర్నీలు బతుకుతాయో మనమే లెక్క కట్టి చెప్పగలం.

సంఘాల్లో ఈ విషయం మీద చర్చ జరగాలి. గిర్నీ పెట్టి నడుపుతున్న సంఘాలు, పెట్టి మూసేసిన సంఘాలు రెండూ తమ అనుభవం చెప్పాలి. మూతపడిన గిర్నీల లెక్క మనకు ఇంకా ఎక్కువ పాఠం చెబుతుంది. వాటి అప్పు ఇప్పటికీ ఎవరో ఒక ఆడమనిషి కడుతూనే ఉంటుంది కాబట్టి.